పెద్దబాతుల పెంపకములో కృత్రిమ గర్భధారణ

పశువులకు చేయు కృత్రిమ గర్భధారణ మన రైతులకు క్రొత్త కాదు. కాని పక్షులలో, ముఖ్యముగ పెద్దబాతులలో, ఆ పద్ధతి ఎట్లు అమలులోనికి వచ్చినదో తెలిసినవారు కొద్దిమందియే.

పెద్దబాతుల పెంపకమున ఒక చిక్కు కలదు. పోతు తనకు నచ్చిన పెట్టలతోనే జతకట్టును. అందుచే మూడు నాలుగు పెట్టలకు ఒక పోతును మేపవలెను. జతకూడని పెట్టలు పెట్టిన గ్రుడ్లు పొదుగబడవు. గ్రుడ్లు పెట్టు కాలము కూడ ఏడాదిలో కొద్ది నెలలే.

1780లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లాంజాని కుక్కపై చేసిన ప్రయోగము ఈ విద్యకు నాంది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున రష్యాలో ఇల్యా ఇవానోవ్ దీనిని పక్షులపై కూడ ప్రయోగించెను. కాని పుంజునుండి వీర్యమును సేకరించుటయే కష్టముగ నుండెను. 1930ల నడుమ అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బర్రోస్, క్విన్ అను పరిశోధకులు సులువైన ఉపాయము కనుగొనిరి. పక్షి వీపును, పొట్టను తోకవైపు మెల్లగ నిమిరినచో వీర్యము వెలువడును. కోళ్లకు, టర్కీలకు కనుగొన్న ఈ ఉపాయమే పెద్దబాతులకును ఆధారమైనది. అయితే పోతును కొన్నాళ్లు చేతికి మాలిమి చేయవలెను; అన్ని పోతులును లొంగవు.

పెట్టకు ప్రతిదినము వీర్యము నెక్కింప నక్కరలేదు. అండనాళములోని సూక్ష్మగ్రంథులలో శుక్రకణములు కొన్ని దినములు సజీవముగ నిలిచియుండునని 1964లో కోళ్లపై జరిగిన పరిశోధన తెలిపినది. అందుచే పెద్దబాతులకు సుమారు వారమున కొకసారి చాలును. 1949లో ఇంగ్లండులో పోల్జ్, అతని సహచరులు గ్లిసరిన్ సాయమున వీర్యమును గడ్డకట్టించి బ్రతికించిరి. ఆ విజయము మొదట లభించినది కోడిపుంజు వీర్యముతోనే. పశువుల వీర్యమును నిలువచేయు పద్ధతి పిదప వచ్చినది.

ఇక పిల్లల ఎదుగుదల. పొదిగినపుడు సుమారు నూరు గ్రాములుండు పిల్ల, మేలుజాతిదై మంచి మేత దొరికినచో పది వారములలో నాలుగు కిలోలకు చేరును. ఈ వేగమును కృత్రిమ గర్భధారణ ఇచ్చినదనుట పొరపాటు. దానిని నిర్ణయించునవి తల్లిదండ్రుల వంశగుణము, మేత, వెచ్చదనము. ఈ పద్ధతి ఇచ్చినది ఎంపిక చేయు అవకాశము. ఒక్క పోతుకు అనేకమంది పిల్లలు కలుగుటచే, వారము వారము వారిని తూచి ఏ తండ్రి సంతతి మేలో తేల్చవచ్చును. తమంతట జతకట్టని జాతులను సంకరము చేయవచ్చును.

కాని ఇందులోనే అపాయమును కలదు. కొద్ది పోతులనే వాడినచో మంద అంతయు దగ్గర చుట్టములై, గ్రుడ్లు పొదుగుట తగ్గి, పిల్లలు బలహీనములగును. బరువునే చూచి ఎన్నినచో గ్రుడ్ల సంఖ్య తగ్గవచ్చును. అందుచే బరువైన వంశమునుండి పోతులను, గ్రుడ్లు బాగుగ పెట్టు వంశమునుండి పెట్టలను ఎన్నుకొని కలుపుట పెంపకందార్ల ఆచారమైనది. తండ్రి నెన్నుకొను శక్తి చేతికి వచ్చిన పిమ్మట, ఏ తండ్రి ఏ పెట్టకు సంతతి నిచ్చెనో తప్పక వ్రాసియుంచుకొను పుస్తకము సూదిగొట్టముకంటె ముఖ్యమైన పనిముట్టు అయినది.