డ్రైవ్ కమ్యూనికేషన్ మాడ్యూల్

పాత పీఎల్‌సీకి (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్‌కు), మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌కు మధ్య సమాచారం చేరవేసే పరికరం. తయారీదారులు ఎవరి ప్రోటోకాల్ వారు వాడిన కాలంలో దీని అవసరం పెరిగింది. మోడికాన్ సంస్థ 1979లో మాడ్‌బస్ ప్రోటోకాల్‌ను తెచ్చింది. అలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీలు రిమోట్ ఐ/ఓ ద్వారా, ఆ సంస్థ 1336 శ్రేణి డ్రైవ్‌లు స్కాన్‌పోర్ట్ ద్వారా మాట్లాడేవి. ఆ రెంటినీ కలిపినవి 1203 శ్రేణి మాడ్యూళ్లు. రిమోట్ ఐ/ఓ వేగం సెకనుకు 57.6, 115.2 లేదా 230.4 కిలోబిట్లు. నేటి లెక్కలో తక్కువే, కానీ మోటారు ఆదేశాలకు చాలు.

పీఎల్‌సీ నుంచి స్టార్ట్, స్టాప్ ఆదేశాలు, కావలసిన వేగం వెళ్తాయి. డ్రైవ్ నుంచి స్థితి, అసలు వేగం, ఫాల్ట్ సమాచారం తిరిగొస్తాయి. చెరకు మిల్లునే తీసుకుంటే, రోలర్లపై భారం పెరిగినప్పుడు చెరకును తెచ్చే క్యారియర్ నెమ్మదించాలి. సరిగ్గా అప్పుడే కమ్యూనికేషన్ తీగ తెగితే? డ్రైవ్ ఆగాలా, చివరి వేగంతోనే సాగాలా అన్నది ముందే ఎంచి పెట్టాలి. మొత్తం అమరికలో అత్యంత కీలకమైన నిర్ణయం ఇదే. మనుషుల భద్రత దీనితో ముడిపడి ఉంది. అయినా అత్యవసర స్టాప్‌ను ఈ లింకుకే వదిలేయకూడదు, దానికి విడి వైరింగ్ ఉండాలి.

పాత మాడ్యూల్ విప్పేముందు దాని స్విచ్‌ల అమరికను తప్పక రాసిపెట్టుకోవాలి.