‘గార్బుల్’: జల్లెడలో పుట్టిన మాట

ఇంగ్లీషులో ‘గార్బుల్’ అనే క్రియకు ఇప్పుడున్న అర్థం కలగాపులగం చేయడం. ఫోనులో మాట తునాతునకలై వినిపిస్తే గార్బుల్ అయిందంటారు. ఇప్పుడు దాదాపు వాడుక తప్పిన పాత అర్థం దీనికి నేరుగా ఎదురు: జల్లించడం, చెత్త ఏరేసి సరుకు శుభ్రం చేయడం.

దాని పుట్టిల్లు సుగంధద్రవ్యాల వ్యాపారం. అరబ్బీలో ‘గిర్బాల్’ అంటే జల్లెడ, ‘గర్బల’ అంటే జల్లించడం. ఆ జల్లెడ పేరు కూడా లాటిన్ ‘క్రిబెల్లుం’ నుంచి అరబ్బీలోకి వచ్చి ఉంటుందని నిఘంటుకారులు చెబుతారు. ఆ లెక్కన అది ఐరోపా నుంచి వెళ్లి, మిరియాల మూటలతో పాటు ఇటలీ రేవుల్లో ‘గార్బెల్లారే’గా మళ్లీ దిగిన మాట. 15వ శతాబ్దానికల్లా ఇంగ్లీషుకు చేరింది.

మిరియాల్లో మట్టి, పుల్లలు, తాలు గింజలు కలిపి తూకం పెంచడం ఆనాటికే ఉన్న విద్య. అందుకని లండన్‌లో సరుకు జల్లించి సరిచూసే అధికారి ఉండేవాడు. ఆయన పదవి పేరే ‘గార్బ్లర్’. ఏ కొట్లోకైనా వెళ్లి సరుకు చూసే హక్కు ఆయనది. 1604 ప్రాంతంలో, మొదటి జేమ్స్ రాజు ఏలుబడిలో, సుగంధద్రవ్యాలను బాగా జల్లించాలని ఏకంగా ఒక చట్టమే చేశారు.

అర్థం తిరగబడింది 17వ శతాబ్దంలో. జల్లెడ పట్టేవాడు మంచిని ఉంచి చెడును పారేస్తాడు. రాతల్లో జల్లెడ పట్టేవాడు తనకు పనికొచ్చే వాక్యాలు ఉంచుకుని తక్కినవి వదిలేస్తాడు. అలా ఏరుకోవడం వక్రీకరించడమైంది, వక్రీకరించడం కాస్తా తికమక చేయడమైంది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వెలువడే నాటికి కూడా మంచి చెడులను వేరుచేయడమనే పాత అర్థం పోలేదు.

కళ్లంలో పని మాటల మీదికి పాకడం తెలుగుకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా పూతలపట్టు చుట్టుపక్కల మెట్టచేలలో చెనక్కాయలు కోసి ఎండబెట్టాక, గాలివాటు చూసుకుని మనిషి ఎత్తు మీద నిలబడి చేటతో కొద్దికొద్దిగా వదులుతాడు. గట్టికాయ కాళ్ల దగ్గరే రాలుతుంది; ఆకు, దుమ్ము, డొల్లకాయ పక్కకు కొట్టుకుపోతాయి. అదే తూర్పారబట్టడం. పత్రికల్లో మాత్రం ఆ మాటకు ఎండగట్టడమనే అర్థమే మిగిలింది. జిల్లా పొలిమేర దాటితే, తమిళంలో ‘తూట్రు’ అన్నా ఇటు గింజలు ఎగరబోయడమే, అటు నిందించడమే. మాటల మీదికి పాకిన అర్థంలో తెలుగున పొల్లు పోవడమనే ఛాయ ఇంకా ఉంది, తమిళంలో నింద ఒక్కటే నిలిచింది. ఇంగ్లీషు మాట అంతకన్నా దూరం పోయింది.

అయినా పాత అర్థం పూర్తిగా చావలేదు, అదీ మన దేశంలోనే. కొచ్చి మార్కెట్‌లో మిరియాల ధర నేటికీ ‘గార్బుల్డ్’, ‘అన్‌గార్బుల్డ్’ అని రెండుగా చెబుతారు. మొదటిది జల్లించినది, రెండోది చేను నుంచి వచ్చినట్టే ఉన్నది. ఆగ్‌మార్క్ గ్రేడు ‘ఎం.జి.1’లో ఆ రెండక్షరాలు ‘మలబార్ గార్బుల్డ్’వే. ఇప్పటి ఇంగ్లీషే తెలిసినవాడికి అవి కలగాపులగమైన మలబారు మిరియాలుగా తోచినా, కొనేవాడు మాత్రం వాటికే ఎక్కువ ధర పెడతాడు.