కాలిన కుండ అదే కుండా?

పలమనేరు కుమ్మరి ఆవంలో పెట్టిన పచ్చికుండ ఎర్రబడి బయటికొస్తుంది. రెండూ ఒకటేనా? కుమ్మరికి ఈ అనుమానం ఎన్నడూ వచ్చి ఉండదు. తార్కికులు మాత్రం దీనిమీద శతాబ్దాలపాటు వాదించుకున్నారు. సెగకు కుండ పరమాణువులుగా విడిపోయి, వాటి రంగు మారి, మళ్లీ కలిసి కొత్త కుండ పుడుతుందని వైశేషికులు అన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. విడిపోతే దాని మీద పేర్చిన కుండలు కూలవా? కుండకున్న సన్నని రంధ్రాల్లోంచి వేడి పోతుంది, రంగు మారుతుంది, కుండ అదే.

ఈ వాదాలన్నిటినీ విద్యార్థుల కోసం కుదించిన తెలుగువాడు 17వ శతాబ్దపు అన్నంభట్టు. తిరుమలాచార్యుల కొడుకు. కృష్ణా తీరంలోని గరికపాడు ఆయన ఊరని కొందరు, ఉత్తర ఆర్కాడు జిల్లావాడని కొందరు. 1911 దాకా చిత్తూరు ఆ జిల్లాలోదే కాబట్టి చిత్తూరువాళ్లకూ కొంచెం హక్కుంది! కాశీకి వెళ్లినవాళ్లంతా అన్నంభట్టులవుతారా అని సామెతే పుట్టింది. న్యాయశాస్త్రం మొదలుపెట్టేవారు నేటికీ ముందు పట్టేది ఆయన తర్కసంగ్రహాన్నే.

ఆ శతాబ్దంలోనే, 1655లో, ఇంగ్లండులో తత్వవేత్త హాబ్స్ ఒక ఓడ గురించి ఇదే చిక్కు వేశాడు. పలకలన్నీ ఒక్కొక్కటే మార్చాక, పాతవాటితో ఎవరో ఇంకో ఓడ కడితే అసలుది ఏది?

దిక్కు సంగతీ అంతే, ఇక్కడా అక్కడా వాదమే. తిరుపతివాళ్లకు కాళహస్తి తూర్పు, నాయుడుపేటవాళ్లకు పడమర. అయినా దిక్కు ఒక్కటే, అంతటా ఉంది, నిత్యం అన్నాడు అన్నంభట్టు. అంతకు ముందే వంగదేశపు రఘునాథ శిరోమణి, దిక్కూ కాలమూ ఈశ్వరుడికి వేరు కావన్నాడు. దేవుడు ఎల్లప్పుడూ అంతటా ఉండటం వల్లే చోటూ కాలమూ ఉన్నాయని 1713లో న్యూటన్ రాశాడు. వస్తువుల మధ్య వరుసే తప్ప వేరే చోటంటూ లేదని 1715-16లో రాసిన ఉత్తరాల్లో తత్వవేత్త లైబ్నిజ్ వాదించాడు.

ఇవన్నీ మనకు ముందే తెలుసని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. వస్తువు కింద పడటమే తీసుకోండి. గురుత్వం కారణమయ్యేది మొదటి పతనానికే, ఆపైన పడటానికి వేగం కారణమని, తర్కసంగ్రహానికి అన్నంభట్టే రాసుకున్న వ్యాఖ్య దీపిక చాలా నిక్కచ్చిగా విడదీసింది. ఎంతసేపట్లో ఎంత దూరం పడుతుందని మాత్రం అడగలేదు. గెలీలియో అడిగాడు. వాలుపలక మీద కంచు గుండు దొర్లించి, కారే నీటిని తూచి కాలం కొలిచి, ఆ లెక్కను 1638లో అచ్చువేశాడు.