రాగం, తాళం, రచయిత పేరు: క్రైస్తవ ఆరాధన చరిత్ర ఏ పుస్తకాల్లో ఉంది?

మాది యాదగిరిగుట్ట. మా గుట్ట మీద పూజలు దేని ప్రకారం జరుగుతాయని ఎవరినడిగినా రెండే మాటల్లో జవాబొస్తుంది: పాంచరాత్ర ఆగమం. సుప్రభాతం నుంచి రాత్రి పవళింపు దాకా ఏది ముందు, ఏది వెనక అన్నదానికి ఒక గ్రంథం ఉంది, దాని వెనక ఒక సంప్రదాయం ఉంది. ధనుర్మాసం వస్తే తమిళ పాశురాలని తెలుగు లిపిలో అచ్చేసిన చిన్న పుస్తకాలు చేతుల్లోకొస్తాయి. 2022 మార్చి 28న కొత్తగా కట్టిన గుడి తెరిచినప్పుడు జరిగిన సంప్రోక్షణ కూడా ఆ పద్ధతిలోనే.

మరి చర్చి సంగతేంటి? మా టీమ్‌లో పాలమూరు వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడున్నాడు. ఓసారి క్యాంటీన్‌లో, "అన్నా, మా ఆరాధన ఎట్ల మొదలైంది, ఒక్కో చర్చిల ఒక్కో తీరు ఎందుకుంటది? చదవాలంటే ఏం చదవాలె?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఆ వంకతో నేనూ కొన్ని పుస్తకాలు తిరగేశాను. చివరికి నాకర్థమైంది ఇదీ: ప్రపంచ చరిత్రకైతే మంచి పుస్తకాలున్నాయి, మన ఊళ్ళ గురించీ కొన్ని ఉన్నాయి. కానీ మన తెలుగు క్రైస్తవ ఆరాధనకి అసలు ఆధారం పరిశోధన గ్రంథం కాదు, పాటల పుస్తకం. దాంట్లోంచి చాలా ముఖ్యమైన ఒక సమాచారాన్ని మన కళ్ళ ముందే చెరిపేస్తున్నారు. చెరుపుతున్నది ఎక్కువగా మనలాంటి కంప్యూటర్ వాళ్ళే.

సరే, మొదట్నుంచి వద్దాం.

క్రైస్తవుల ఆరాధన గురించి బయటివాడు రాసిన తొలి సాక్ష్యాల్లో ఒకటి రోమన్ గవర్నరు ప్లినీ సుమారు 112లో ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం. వాళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తుని దేవుడిగా భావించి పాట పాడతారని రాశాడు. అంటే బయటివాడి కంటికి ముందు కనపడింది పాటే! రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే ఆయన ఆదివారం కూడిక ఎలా జరిగేదో వరసగా చెప్పాడు: చదవడం, బోధ, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం, లేనివాళ్ళకి చందా. డిడాకే అనే ఇంకా పాత గ్రంథం ఒకటి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడి 1883లో అచ్చయింది.

వీటన్నిటినీ కలిపి ఒక కథగా చెప్పింది గ్రెగరీ డిక్స్. 1945లో వచ్చిన ఆయన 'ద షేప్ ఆఫ్ ద లిటర్జీ' లావుపాటి పుస్తకం. మాటలు ఎన్ని మారినా బల్లారాధన అస్థిపంజరం మాత్రం నాలుగు పనులే అంటాడు: తీసుకోవడం, స్తుతించడం, విరవడం, పంచడం. చదువుతుంటే ఎంత బాగుంటుందో! కానీ పాల్ బ్రాడ్‌షా 1992లో 'ద సెర్చ్ ఫర్ ద ఆరిజిన్స్ ఆఫ్ క్రిస్టియన్ వర్షిప్' రాసి, మొదట్లోనే ఒకే పద్ధతి ఉండేదని ముందే అనుకోకండి, ఆధారాలు తక్కువ, ఉన్నవి కూడా ఊరికొక రకం అని వాదించాడు. మన భాషలో చెప్పాలంటే డిక్స్ ఒక స్పెసిఫికేషన్ వెతికాడు, బ్రాడ్‌షా అన్నీ ఇంప్లిమెంటేషన్లే కనపడుతున్నాయి బాబూ అన్నాడు. ఇంత లోతు వద్దనుకుంటే జేమ్స్ వైట్ 1993లో రాసిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ క్రిస్టియన్ వర్షిప్' చాలు, చిన్న పుస్తకమే.

ఇక మన వైపు. మా గుట్ట మధ్యలో పెట్టుకుని చుట్టూ చూస్తే మ్యాపు తమాషాగా ఉంటుంది. మెదక్‌లో ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులు. ఛార్లెస్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. నల్లగొండ, పాలమూరుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషను: 1885లో పాలమూరు, 1890లో నల్లగొండ. నల్లగొండకొచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికా వాడు కాదు, రష్యా సామ్రాజ్యంలో జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ బ్రదరన్ వాడు. 1899లో అమెరికా నుంచి కూడా మెన్నోనైట్ బ్రదరన్ వాళ్ళొచ్చి హైదరాబాదులో మొదలుపెట్టారు, తర్వాత 1937లో పాలమూరు బాప్టిస్టు మిషను కూడా వాళ్ళ చేతికొచ్చింది. తూర్పున డోర్నకల్‌లో ఆంగ్లికన్లు, అక్కడ 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. ఆయన మీద సుసాన్ హార్పర్ రాసిన 'ఇన్ ద షాడో ఆఫ్ ద మహాత్మా' (2000) తప్పక చదవాల్సిన జీవితచరిత్ర. దేశీయ పద్ధతిలో ఆరాధన కావాలని ఆయన పట్టు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కథెడ్రల్‌లో గుడి, మసీదు శైలులు రెండూ కనపడతాయి.

1947 సెప్టెంబర్ 27న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిపోయిన కాంగ్రెగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్ళు అందరూ మద్రాసులో ఒకటై దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అయ్యారు. వేర్వేరు బ్రాంచీల్ని మెర్జ్ చేసినవాళ్ళకి తెలుసు, కాన్‌ఫ్లిక్ట్స్ ఎక్కడొస్తాయో. ఇక్కడ ఆ పరీక్ష ఆరాధనే. ఒకరిది అచ్చు పుస్తకం చూసి చదివే ప్రార్థన, ఇంకొకరిది గుండెలోంచి అప్పటికప్పుడు వచ్చే ప్రార్థన. 1950లో వాళ్ళు తయారు చేసిన బల్లారాధన క్రమం రెండిటికీ చోటిచ్చింది. బోధకుడు జనం వైపు తిరిగి నిలబడతాడు. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర్నుంచి తీసుకున్న 'సమాధానం' అందులో ఉంది, అరచేతులు కలుపుతూ ఒకరినుంచి ఒకరికి శాంతి అందించడం. తర్వాతి దశాబ్దాల్లో పడమటి దేశాల చర్చిలు తమ ఆరాధనలు సంస్కరించుకుంటున్నప్పుడు ఈ క్రమాన్ని శ్రద్ధగా చదివాయి. ఇది 1963లో 'బుక్ ఆఫ్ కామన్ వర్షిప్'గా పుస్తకమైంది. ఎప్పుడూ మనమే వాళ్ళనుంచి తెచ్చుకుంటామనుకునేవాళ్ళు ఈ పుస్తకం ఓసారి చూడాలి.

కానీ నల్లగొండ బాప్టిస్టులు, పాలమూరు మెన్నోనైట్లు ఈ కలయికలో లేరు. వాళ్ళ సంప్రదాయంలో ఆరాధన క్రమం అంటూ తప్పనిసరి పుస్తకం లేదు. మరి మెదక్ మెథడిస్టుకీ, డోర్నకల్ ఆంగ్లికన్‌కీ, నల్లగొండ బాప్టిస్టుకీ, గుంటూరు లూథరన్‌కీ ఉమ్మడిగా ఉన్నదేంటి? 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. (ఇక్కడ 'ఆంధ్ర' అంటే 'తెలుగు' అనే, 'ఆంధ్ర మహాభారతం'లో లాగా. కొట్లాట వద్దు :) )

ఆ పుస్తకం పాత ప్రతి తెరిచి చూడండి. పాట పైన రాగం, తాళం ఉంటాయి: శంకరాభరణం, మోహన, ఆనందభైరవి, ఆది, రూపకం. రాసినవారి పేరు ఉంటుంది. లోపల పల్లవి, అనుపల్లవి, చరణాలు. వీటిలో పెద్దపేరు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి వైపు బెంగాలీ మూలాలున్న కుటుంబంలో పుట్టి, సంస్కృతం, ఒడియా, తెలుగు నేర్చి, 1833లో క్రైస్తవుడయ్యాడు. త్యాగరాజు చనిపోయేనాటికి (1847) చౌదరి గారికి నలభై దాటాయి. అంటే కీర్తన అనే ప్రక్రియ మంచి ఊపులో ఉన్నప్పుడే దాన్ని ఈయన చర్చిలోకి తీసుకెళ్ళాడు. ఇంగ్లీషు ట్యూన్‌కి తెలుగు మాటలు ఇరికించడం వేరు, ఇది వేరు. ఈ పాటల్లో భక్తి ఎలాంటి భక్తి, మన భక్తి సంప్రదాయంతో దానికి చుట్టరికం ఏంటి అన్నదాని మీద ఆర్.ఆర్. సుందరరావు గారు 1983లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు, 'భక్తి థియాలజీ ఇన్ ద తెలుగు హిమ్నల్'. నన్నడిగితే తెలుగువాళ్ళు ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఈ పాటలు ఎవరి నోట బతికాయన్నది ఇంకో పెద్ద విషయం. మన పల్లె చర్చిల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. గుడి మెట్లెక్కనివ్వని రోజులు, బడిలో కూర్చోనివ్వని రోజులు. చదువు రాదు, కాబట్టి ఉపదేశి ఒక చరణం పాడితే జనం తిరిగి పాడి కంఠస్థం చేసేవాళ్ళు. అగ్రహారంలో వినిపించే రాగం పేరే వాళ్ళ పాట మీద కూడా అచ్చయి ఉంది. ఇది చిన్న సంగతి కాదు. వాళ్ళకి అంతకుముందు ఆధ్యాత్మికత లేదనుకోవడం కూడా పొరపాటే. పాలమూరు, నల్లగొండల దాకా పాకిన బాప్టిస్టు మిషనుకి మూలం నెల్లూరు, ఒంగోలు. ఆ ఒంగోలు ప్రాంతం మాదిగల గురించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సోయింగ్ శాండల్స్' అని రాసింది. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి తొలి క్రైస్తవులు అంతకుముందు రాజయోగం బోధించే గురువుల దగ్గర శిష్యరికం చేసినవాళ్ళని అందులో వివరంగా ఉంటుంది. మిషనరీ చూపు ఉంటుంది, జాతుల గురించి ఆనాటి మాటలు గుచ్చుకుంటాయి, అయినా చదవండి. కాపీరైటు ఎప్పుడో దాటిపోయింది, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

పుస్తకంలో రాసుకున్న ఆరాధన వేరు, ఊళ్ళో జరిగే ఆరాధన వేరు. దీనికి 1968లో పి.వై. లూక్, జాన్ కార్మన్ కలిసి రాసిన 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' ఉంది. మెదక్ పల్లెల్లో తిరిగి చేసిన పని. ఆదివారం ప్రార్థనకొచ్చే కుటుంబం ఊరి దేవత పండగలో ఎక్కడుంటుంది, పెళ్ళిలో ఏం చేస్తుంది, జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోతుంది, ఇలాంటివన్నీ దాపరికం లేకుండా రాశారు. ఈ కార్మన్ ఎవరో తెలుసా? 1974లో 'ద థియాలజీ ఆఫ్ రామానుజ' రాసిన హార్వర్డ్ ప్రొఫెసరే! మా గుట్ట మీద వైష్ణవానికి ఏ ఆచార్యుడు మూలమో ఆయన మీద ఒక పుస్తకం, మెదక్ పల్లె క్రైస్తవుల మీద ఇంకో పుస్తకం, ఒకే మనిషి. అదే కార్మన్, చిలుకూరి వసంతరావు గారితో కలిసి మళ్ళీ ఆ పల్లెల దగ్గరికే వెళ్ళి 2014లో 'క్రిస్టియన్స్ ఇన్ సౌత్ ఇండియన్ విలేజెస్, 1959-2009' తెచ్చారు. యాభై ఏళ్ళలో పాత సంఘాలు కొన్నిచోట్ల సన్నగిల్లడం, స్వస్థత ప్రార్థనలతో కొత్త స్వతంత్ర సంఘాలు లేవడం అందులో చూడొచ్చు.

అలా ఎందుకైందో అర్థం కావాలంటే పాల్ హీబర్ట్‌ని చదవాలి. మిషనరీల బిడ్డ, 1932లో ఇండియాలోనే పుట్టాడు, శంషాబాద్ బైబిల్ స్కూల్లో పనిచేశాడు. (మనకి శంషాబాద్ అంటే 2008 తర్వాతి ఎయిర్‌పోర్టే, అంతకుముందు నుంచే అది మెన్నోనైట్ల కేంద్రం.) పాలమూరు పల్లె మీద 1971లో 'కొండూరు' అనే మానవశాస్త్ర గ్రంథం రాశాడు. 1982లో ఒక వ్యాసంలో ఆయన చెప్పింది సూటిగా ఇదీ: పడమటి మిషనరీకి పైన దేవుడున్నాడు, కింద మందులూ సైన్సూ ఉన్నాయి, మధ్యలో దిష్టి, దయ్యం, అంటురోగం, రేపటి భయం అనే అంతస్తుకి వాళ్ళ దగ్గర జవాబు లేదు. ఆ ఖాళీలోకి పోచమ్మ వచ్చింది, తర్వాత స్వస్థత కూటాలొచ్చాయి అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మొదట్లో అన్న చెరిపివేత దగ్గరికొస్తాను. నేను చూసిన చర్చి ప్రొజెక్టర్ స్లైడ్లలో, ఫోన్ యాప్‌లలో ఈ పాటల సాహిత్యం ఉంటోంది, చాలావాటిలో పైన ఉండాల్సిన ఆ చిన్న లైను ఉండట్లేదు. రాగం లేదు, తాళం లేదు, రాసినవాళ్ళ పేరు లేదు. టైప్ చేసినవాడికి అది అనవసరమైన హెడర్‌లా కనపడింది, తీసేశాడు. "ఇప్పుడెవడు ఆ రాగంలో పాడుతున్నాడండీ, కీబోర్డు వాడు వాయించిందే రాగం" అంటారు. నిజమే, పాడే తీరు మారుతుంది, మారనివ్వండి. గిటార్ మీద నాకే కోపమూ లేదు. కానీ అన్నమయ్య సంగతి చూడండి. తిరుమలలో బయటపడ్డ రాగిరేకుల మీద స్వరాలు లేవు, తాళం లేదు, రాగం పేరు మాత్రం ఉంది. బాణీ పోయినా ఆ ఒక్క మాట పట్టుకునే ఇరవయ్యో శతాబ్దంలో విద్వాంసులు కొత్తగా స్వరపరచగలిగారు. రేకులు చెక్కినవాడు కూడా హెడరే కదా అని వదిలేసి ఉంటే?

చదువు లేకుండా ఉంచిన జనం తమకంటూ సంపాదించుకున్న మొదటి పుస్తకాల్లో ఇదొకటి. తమ ఆరాధన ఎక్కణ్ణుంచో దిగుమతైందని ఎవరన్నా ఎగతాళి చేస్తే, వాళ్ళ చేతిలో ఉన్న అచ్చు సాక్ష్యం ఆ రాగం పేరే. దాన్ని మనమే డిలీట్ చేసి, తర్వాత "మీకు చరిత్ర ఏదీ?" అని అడగడం అన్యాయం.

కాబట్టి నా సలహా. చదవడానికైతే ముందు సుందరరావు, తర్వాత లూక్-కార్మన్, ఆ తర్వాత వైట్, ఓపికుంటే డిక్స్, బ్రాడ్‌షా. చెయ్యడానికైతే, పాటల యాప్ రాసే కుర్రాళ్ళు డేటాబేసులో మూడు కాలమ్‌లు అదనంగా పెట్టండి: రాగం, తాళం, రచయిత. మీ ఇంట్లో నాయనమ్మ వాడిన పాత కీర్తనల పుస్తకం ఉంటే అట్ట, ముద్రణ సంవత్సరం, ప్రెస్సు పేరున్న పేజీతో సహా స్కాన్ చేసి దాచండి. ఒక ఆదివారం సాయంత్రం పని, అంతే.