ఊట దగ్గరికి వెళ్లిన వైద్యం



రెండవ రాజుల గ్రంథం 2వ అధ్యాయం చివర్లో యెరికో పట్టణస్థులు ఎలీషా దగ్గరికి వచ్చిన సంగతి మనకు తెలుసు. ఊరు బాగానే ఉంది గానీ నీళ్లు మంచివి కావని వాళ్ల మొర. ఎలీషా ఇంటింటికీ మందు పంచలేదు. కొత్త పాత్రలో ఉప్పు తెప్పించుకొని నేరుగా నీటి ఊట దగ్గరికే వెళ్లాడు. ఈ వాక్యం వెలుగులో మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంత చరిత్రను ఒకసారి చూద్దాం.

1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ మొదలైంది. ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం వైపు కూడా మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు పెరిగాయి. మన పిల్లలకు పని దొరికింది, అది నిజమే. కానీ ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి, ఆ వాగు వెళ్లి మంజీరలో కలిసింది. కాజీపల్లి, గడ్డపోతారం వంటి ఊళ్ల చెరువులూ పాడయ్యాయి. ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా వలలు వేసుకొని బతికింది ఇలాంటి నీళ్ల మీదే.

ఆ రోజుల్లో పటాన్‌చెరులో వైద్యం చేస్తున్న డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు మందు చీటీ రాసి ఊరుకోలేదు. జబ్బు వెనక ఉన్న నీళ్లను పట్టించుకున్నారు. ఊళ్ల జనంతో కలిసి కాలుష్యం మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పాడైన పొలాలకు నష్టం లెక్కకట్టారు. పొలానికైతే పట్టా ఉంటుంది, ఎకరాల లెక్క ఉంటుంది. నీళ్లలో దిగి బతికేవాడి ఒంటికి అలాంటి లెక్క ఎక్కడుంది?

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరులో అనేక మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను వారు పరీక్షించారు. ఒక లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మందు మనిషికి అందాల్సినది, అది నీళ్లలో పారింది. అలాంటి నీళ్లలో మందుకు లొంగని సూక్ష్మక్రిములు పెరుగుతాయి. రేపు మన పిల్లలకు జ్వరం వస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు.

2017లో అమీన్‌పూర్ మండలం గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇవ్వడం మొదలుపెట్టిన మరుసటి సంవత్సరం అది.

చెరువు మీద బతికే మనవాళ్లను వైద్యం గురించి అడిగితే ఒకే మాట పలు రకాలుగా వినిపిస్తుంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఈఎస్ఐ కార్డు ఉంది, రామచంద్రాపురంలో ఆసుపత్రి ఉంది. అదే ఫ్యాక్టరీ గోడ అవతల వల వేసేవాడికి ఆ కార్డు లేదు. మత్స్యకారుల ప్రమాద బీమా నీళ్లలో మునిగి చనిపోతే వర్తిస్తుంది గానీ నీళ్ల వల్ల వచ్చిన దురదకు, పుండుకు వర్తించదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకు ఆదుకుంది, అందుకు దేవునికి స్తోత్రం. అయినా ఆసుపత్రిలో జ్వరం ఎన్నాళ్లుగా ఉందని అడుగుతారు గానీ, ఏ చెరువులో దిగావని అడిగేవాళ్లు అరుదు. మనవాళ్ల బాధంతా అక్కడే ఉంది. వాళ్లు మందును కాదనడం లేదు, మందుతో పాటు ఆ ప్రశ్న కూడా అడగమంటున్నారు.

మెదక్‌లో గుడితో పాటు ఆసుపత్రి కూడా నడిపిన మిషన్ వారసులం మనం. కాబట్టి సంఘం పెట్టే ప్రతి వైద్య శిబిరంలో రోగి పేరు పక్కన అతని పని, అతను దిగే చెరువు పేరు కూడా రాద్దాం. ఒకే చెరువు పేరు పదిసార్లు వస్తే ఆ కాగితం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, కాలుష్య నియంత్రణ మండలికీ తీసుకెళ్దాం. ఇది రాజకీయం కాదు, ఎలీషా నడిచిన దారి.

యెహెజ్కేలు 47వ అధ్యాయంలో దేవుని మందిరం నుంచి నది పారుతుంది. అది చేరిన చోట నీళ్లు బాగవుతాయి, చేపలు విస్తారమవుతాయి, జాలరులు వలలు పరుస్తారు. ఒడ్డున ఉన్న చెట్ల ఆకులు ఔషధమవుతాయి. నీళ్లు, చేపలు, జాలరి, మందు, నాలుగూ ఒకే దర్శనంలో ఉన్నాయి. వాటిని విడదీసింది మనుషులే. నది చేరినా బాగుపడని బురద స్థలాలు ఉంటాయని కూడా అదే అధ్యాయం చెబుతుంది. మన చెరువులు ఆ లెక్కలో మిగలకూడదని ఈ వారం మోకరించి ప్రార్థిద్దాం, లేచి ఆ చెరువు గట్టు మీదికి వెళ్దాం.

ఆమేన్.