స్టార్ స్క్రూ ఎవరి కోసం పుట్టింది?

లాప్‌టాప్ అడుగు మూత విప్పబోతే పది స్క్రూల్లో తొమ్మిది బుద్ధిగా వచ్చేస్తాయి, ఒక్కటి మాత్రం మొండికేస్తుంది. డ్రైవర్ జారినకొద్దీ తల మీది ప్లస్ గుర్తు కాస్తా గుండ్రటి గుంటైపోతుంది. అప్పుడు మనం స్క్రూనో డ్రైవర్‌నో తిట్టుకుంటాం. నన్నడిగితే అసలు కారణం ఓ తొంభై ఏళ్ళ వెనక ఉంది.

స్క్రూకి ఒంటి మీద మర, తల మీద గాడి. ఈ రెండిటి కథలూ వేరు. మర కథ మంచిదే. 1841కి ముందు ఇంగ్లండులో ఏ వర్క్‌షాపు మర దానిదే. బోల్టు పోతే దాన్ని చేసినవాడి దగ్గరికే పరిగెత్తాలి. ఆ ఏడాది జోసెఫ్ విట్వర్త్ రకరకాల వర్క్‌షాపుల బోల్టులు పోగేసి, సగటు తీసి, 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు, తయారీ తేలికని. ఇవాళ మన మెట్రిక్ స్క్రూల కోణం కూడా 60 డిగ్రీలే. పోయిన స్క్రూ బదులు ఏ కొట్లోనో ఇంకోటి కొనుక్కోగలుగుతున్నామంటే ఇలాంటి ప్రమాణాల పుణ్యమే. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ స్టాండర్డ్ అన్నమాట.

తల దగ్గరే పేచీ అంతా. 1908లో కెనడాలో రాబర్ట్‌సన్ అనే ఆయన చతురస్రపు గాడి కనిపెట్టాడు. డ్రైవర్ అసలు జారదు. హెన్రీ ఫోర్డ్ ముచ్చటపడి దాని మీద పట్టు తనకే కావాలన్నాడు, రాబర్ట్‌సన్ ఒప్పుకోలేదు. దాంతో ఆ మంచి స్క్రూ చాలావరకు కెనడాలోనే ఉండిపోయింది. తర్వాత ఓరెగాన్‌కి చెందిన హెన్రీ ఫిలిప్స్, థాంప్సన్ అనే ఆయన దగ్గర ప్లస్ గాడి ఆలోచన కొని, మెరుగుపరిచి, 1936లో పేటెంట్లు తెచ్చుకున్నాడు. ఆ ఏడే జనరల్ మోటార్స్ కాడిలాక్ కార్లలో వాడింది. దాన్నే మనం స్టార్ స్క్రూ అంటాం. ప్లస్‌ని స్టార్ అని ఎవరన్నారో మరి :)

అసెంబ్లీ లైనులో నిలబడ్డవాడికి కావలసింది వేగం. ఫిలిప్స్ గాడి గోడలు లోపలికి ఏటవాలుగా ఉంటాయి కాబట్టి డ్రైవర్ తనంతట తనే మధ్యలోకి దిగిపోతుంది. కానీ గట్టిగా తిప్పితే అదే వాలు డ్రైవర్‌ని పైకి తోసేస్తుంది. మరీ బిగుసుకోకుండా కావాలనే అలా చేశారని చాలామంది అంటుంటారు, 1936 పేటెంట్లలో మాత్రం ఆ ఉద్దేశం లేదు. కావాలని చేసినా చెయ్యకపోయినా సుఖం బిగించేవాడికి, కష్టం అయిదేళ్ళ తర్వాత విప్పేవాడికి.

ఇంతవరకు అది అశ్రద్ధే అనుకోవచ్చు. 2009లో ఆపిల్ మాక్‌బుక్ ప్రో బ్యాటరీకి అయిదు రేకుల తల ఉన్న పెంటాలోబ్ స్క్రూలు పెట్టింది. రిపేరుకొచ్చిన ఐఫోన్ 4లలో కూడా మామూలు స్క్రూలు తీసి ఇవి బిగిస్తున్నారని 2011 జనవరిలో ఐఫిక్సిట్ వాళ్ళు బయటపెట్టారు. అంటే తలని పాస్‌వర్డ్ చేశారు! డబ్బిచ్చి కొన్నది మనం, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గర. ఐఫిక్సిట్ దానికి విరుగుడుగా ఒక కిట్ అమ్మింది. అందులో ఆ స్క్రూలు తీసే డ్రైవరూ, వాటి స్థానంలో పెట్టుకోవడానికి మామూలు ఫిలిప్స్ స్క్రూలూ ఉండేవి. నా దృష్టిలో స్క్రూ మార్చడమనే చిన్న పని అక్కడ నిరసన అయింది.

మన లాప్‌టాప్ సంగతికొస్తే, అరిగిన తలకీ డ్రైవర్‌కీ మధ్య వెడల్పాటి రబ్బరు బ్యాండు ముక్క పెట్టి, గట్టిగా నొక్కి, మెల్లిగా తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. వచ్చిన స్క్రూని మళ్ళీ అక్కడే బిగించకండి. సాధారణంగా అవి ఎం2 గానీ ఎం2.5 గానీ అయ్యుంటాయి. పాతదాన్ని కొట్టుకి పట్టుకెళ్ళి లావు, పొడవు, తల మందం అన్నీ సరిచూసుకోండి. ఎం2 రంధ్రంలో ఎం2.5ని బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్‌లో కూర్చోబెట్టిన ఇత్తడి మర పాడవుతుంది. ఒక్క మిల్లీమీటరు పొడవెక్కువైనా బోర్డుకి తగలొచ్చు.

2021లో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ తెచ్చిన లాప్‌టాప్ అడుగున అయిదే స్క్రూలు. అన్నీ టార్క్స్ తలలే, విప్పినా మూత నుంచి ఊడి కింద పడవు. డ్రైవర్ పెట్టెలోనే ఇచ్చారు.