పరుపురాళ్ళు

కడప జిల్లా వేంపల్లె డోలమైటు శిలలలో గుమ్మటాల వంటి దొంతరలు కనబడతాయి. వయస్సు రమారమి 190 కోట్ల ఏళ్ళు. వాటి శిల్పులు కంటికానని సయనోబాక్టీరియా! లోతులేని సముద్రంలో జిగురుచాపగా పరచుకొని ఒండ్రురేణువులను పట్టుకొనేవి; ఒండ్రు కప్పగానే వెలుగుకై పైకి ప్రాకి మరో చాప పరచేవి. సున్నం పేరుకొని ఆ పొరలు శిలలయ్యేవి.

1908లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కల్కోవ్‌స్కీ పెట్టిన పేరు నుండి వచ్చినదే స్ట్రొమటోలైటు. గ్రీకులో స్ట్రోమా పరుపు, లిథోస్ రాయి. మనం ‘పరుపురాయి’ అనుకోవచ్చునేమో. ఇది జీవుల పనా, వట్టి రసాయనమా అన్న వాదం చాలాకాలం నడిచింది. 1950లలో ఆస్ట్రేలియా షార్క్ బేలో సజీవమైనవే బయటపడడంతో జీవవాదులకు బలం చేకూరింది.

కోసి సానపట్టిన ముక్కలోని వంపుగీతలకు సేకర్తలు ముగ్ధులవుతారు, సహజమే. కాని గుమ్మటపు ఉబ్బు సాధారణంగా పైదిక్కును చూపుతుంది. తలక్రిందులైన శిలాస్తరాలను భూవిజ్ఞానులు దాని సాయంతో గుర్తుపడతారు. దొరికిన చోటు, నిలిచిన దిక్కు వ్రాసిపెట్టకుండా పెకలించిన ముక్కలో ఆ సాక్ష్యం మిగలదు.